మూడు విజిల్స్‌లో జింగిల్ బెల్స్

నీ చేతిలో మైకు ఉంది. స్టవ్ మీద కుక్కర్, కుక్కర్లో కందిపప్పు. మైకు వైరు హాల్లోంచి గడప దాటి వచ్చి నీ కాలికి చుట్టుకుంది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్. పోపుల డబ్బా మూత పెట్టినా వాటిలో పిడుగులా వినిపిస్తోంది.

"పప్పుకి మూడే విజిల్స్. నాలుగోది రానివ్వను," అంటుంది అమ్మ.

అంటే నీకు మూడు అవకాశాలు. తొమ్మిదింటికి చర్చి యూత్ వాళ్లు క్యారల్స్‌కి వస్తారు. ఈసారి కొత్తగా ఏదైనా వినిపిస్తానని మాటిచ్చావు. ఇప్పుడు ఏడున్నర.

ఏ పాట? మనసు రుడాల్ఫ్ మీదికి పోతోంది. కానీ అది 1949లో రికార్డయిన పాట. దానికి హక్కుదారులున్నారు, నెట్‌లో పెడితే తలనొప్పి. జింగిల్ బెల్స్‌ని రాసిన పియర్‌పాంట్ దాన్ని 1857లో అచ్చు వేయించాడు. ఇప్పుడది అందరిదీ. తమాషా ఏమిటంటే, అందులో క్రిస్మస్ అన్న మాటే ఎక్కడా లేదు. మంచులో గుర్రబ్బండి షికారు, అంతే. మన ఊళ్లో మంచూ లేదు, ఆ బండీ లేదు. కుక్కర్ ఉంది. జింగిల్ బెల్స్ ఖాయం.

ఫ్యాన్ ఆపేస్తావు. ఫ్రిజ్ గుర్రుమంటోంది, దాని స్విచ్ కూడా తీసేస్తావు. అమ్మ చూస్తుంది, ఏమీ అనదు. మైకు ఎంత దూరంలో పెట్టాలి? మరీ దగ్గరైతే ఆవిరి కొడుతుంది. కండెన్సర్ మైకు లోపలి పొర పల్చన, దానికి తడి పడదు. దూరం జరిగితే వీధంతా రికార్డవుతుంది. మూరెడు దూరంలో, ఆవిరి దారికి పక్కగా పట్టుకుంటావు.

వెయిట్ కదులుతోంది. గెయిన్ పెంచుతావు. ఇంకాస్త.

ష్ష్ష్ష్!

ఎర్ర లైటు. చెవుల్లో బరబర. గెయిన్ ఎక్కువైంది, శబ్దం పైభాగం తెగిపోయింది. ఒకటి పోయింది.

గెయిన్ సగానికి దించు. ఊపిరి బిగబట్టు. మళ్లీ వచ్చేస్తోంది. వచ్చింది. బాగుంది, బాగుం... పాం పాం! వీధిలో ఎవరిదో బండి హారన్. రెండోదీ పోయింది.

అమ్మ చెయ్యి స్టవ్ నాబ్ మీదికి వెళ్లింది. కిటికీ మూయాలా? మూయాలంటే కదలాలి. కదలకు. మోచేతి మీద దోమ. కుట్టనీ. వెయిట్ లేస్తోంది. ఇదే. ష్ష్ష్... హారన్ లేదు. ఎర్ర లైటు లేదు. ఇంకొంచెం. ఇంకొంచెం.

టక్. స్టవ్ ఆగింది.

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వింటే నీరసం వస్తుంది. ఇందులో స్వరం ఏది? ఉత్త 'ష్'. కంగారు పడకు. ఆ 'ష్'లో స్వరాలన్నీ కలగలిసి ఉన్నాయి, అందుకే ఏదీ విడిగా వినిపించదు. ఫిల్టర్ తెరువు. సందు సన్నగా చేస్తూ 659 హెర్ట్జ్ దగ్గర ఆగు, చుట్టుపక్కలదంతా కోసెయ్. ఆవిరి ఈల వేస్తోంది! కోరస్‌లో మొదటి ఏడు స్వరాలూ ఇదొక్కటే. ఏడుసార్లు కీ నొక్కు, పాట పోల్చుకోవచ్చు. తర్వాత ఫిల్టర్‌ని 784కి, 523కి, 587కి జరిపి మళ్లీ 659కి తే.

కోయని 'ష్'ని కూడా పారెయ్యకు. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ స్నేర్‌లోనూ ఇలాంటి రొదే ఉంది. దాన్ని రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ పెట్టు. బండి గంటల బదులు అటక మీది పాత కూచిపూడి గజ్జెలు.

రెండు స్వరాలు ఒకేసారి పలకవా? ఈ ఒక్క ఫిల్టర్‌తో పలకవు. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ సంగీతాన్ని మూగ్ సింథసైజర్ మీద చేసినప్పుడూ ఇదే తంటా. ఒక్కో వరస విడిగా వాయించి టేపు మీద పేర్చుకుంటూ పోయారు. మరుసటి ఏడాదికే మూగ్‌తో క్రిస్మస్ రికార్డులు వచ్చేశాయి. నువ్వూ పేర్చు, అడుగున ఒక బేస్ వరసతో.

కానీ ఈల వేలికన్నా వెనకబడుతోంది. బఫర్ చూడు: 1024. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన అక్కడే 23 మిల్లీసెకన్లు పోతున్నాయి. 128కి దించితే మూడుకు లోపే. ఈల వేలికి అతుక్కుంది, ల్యాప్‌టాప్ మాత్రం రొప్పుతూ చిటపటలాడుతోంది. ఎఫెక్ట్స్‌లో ఏదో ఒకటి వదులుకోవాలి. ప్రతిధ్వని తీసెయ్.

ట్యూన్‌ని కూడా కాస్త వంకర తిప్పుదామా అనిపిస్తుంది. వద్దు. వాయిద్యం ఎంత వింతదైతే ట్యూన్ అంత సూటిగా ఉండాలి. రెండూ వంకరైతే ఎవరూ నవ్వరు.

గేటు చప్పుడు. వచ్చేశారు. గబగబా చిన్న బ్లూటూత్ స్పీకర్‌కి కలుపుతావు. బేస్ ఏది? 50 హెర్ట్జ్ మోత ఆ బుల్లి స్పీకర్లో పలకదు. ఒక స్థాయి పైకి జరుపు. ఇప్పుడు వినిపిస్తోంది. ప్లే నొక్కు.

నవ్వులు. డప్పు కుర్రాడు చెవి ఒగ్గి విని, డప్పు భుజానికి తగిలిస్తాడు. నీ టెంపో 120. అతని చెయ్యి అప్పుడే దాన్ని దాటేస్తోంది. అతన్ని ఆపాలా, ట్రాక్ ఆపాలా? వేలు టెంపో మీద పెట్టు. 126. 132. ఇంకా వెనకే ఉన్నావు.