చీనీ, బత్తాయి తోటలకు ఏడాది పొడవునా ఆచ్ఛాదన

రాయలసీమలో చీనీ అని, నల్గొండ ప్రాంతంలో బత్తాయి అని పిలిచే తోట కాపుకు రావాలంటే రైతు నాలుగైదేళ్లు పెట్టుబడి పెట్టి ఎదురుచూడవలసి ఉంటుంది. అటువంటి తోట ఒక్క వేసవిలో బోరు ఎండిపోతే మోడుబారిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షపాతం మాత్రమే గల పూర్వపు అనంతపురం జిల్లాలో, కరువు సంవత్సరాలలో ట్యాంకర్లతో నీరు తోలి చెట్లను బతికించుకున్న రైతులు ఎందరో ఉన్నారు. ట్యాంకరుతో తెచ్చి పోసిన నీరు కూడా పాదులో నేల బోసిగా ఉంటే కొన్ని రోజులలోనే ఆవిరైపోతుంది. ఈ నష్టాన్ని తక్కువ ఖర్చుతో తగ్గించగల పద్ధతి ఆచ్ఛాదన, అనగా మల్చింగ్.

చెట్టు పాదులోని నేలను ఎండుటాకులు, గడ్డి, పొట్టు, పచ్చిరొట్ట లేదా ప్లాస్టిక్ షీటుతో కప్పి ఉంచడాన్నే ఆచ్ఛాదన అంటారు. ఎండ, గాలి నేరుగా తాకనందున తేమ నిలుస్తుంది. వెలుతురు అందక కలుపు అణగిపోతుంది. వాన చినుకు దెబ్బకు మట్టి చెదరదు. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన సేద్య విధానంలో బీజామృతం, జీవామృతం, వాఫసలతో పాటు ఆచ్ఛాదన కూడా ఒక మూలస్తంభం. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా అమలవుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఈ మాటను గ్రామాలకు తీసుకువెళ్లింది. అయితే క్షేత్రస్థాయిలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. ఒకసారి గడ్డి పరచి, ఇక పని అయిపోయినట్లు వదిలివేస్తారు. వేసవిలో చెట్టును కాపాడిన కప్పే వానాకాలంలో తెగులుకు, శీతాకాలంలో పూత ఆలస్యానికి కారణం కావచ్చు.

వేసవి ఆచ్ఛాదనకు అదను ఫిబ్రవరి, మార్చి నెలలు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు వచ్చాక, అప్పటికే ఎండిన నేలపై గడ్డి పరిస్తే దాచడానికి అక్కడ తేమే ఉండదు. ముందుగా పాదు తవ్వి కలుపు తీసి, పశువుల ఎరువు వేసి, నీరు పెట్టి, నేల పదును మీద ఉన్నప్పుడు కప్పాలి. మందం 7 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటే చాలును. చీనీ చెట్టుకు నీరు, పోషకాలు తీసుకునే పీచు వేర్లు ఎక్కువగా పై పొరలలోనే, కొమ్మల నీడ పడినంత మేర వ్యాపించి ఉంటాయి కనుక కప్పు కూడా అంత మేర పరచుకోవాలి.

ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. ఆరు మీటర్ల ఎడంతో నాటిన తోటలో ఎకరాకు సుమారు 112 చెట్లు ఉంటాయి. ఒక్కో చెట్టు చుట్టూ మీటరు వ్యాసార్ధంలో 10 సెంటీమీటర్ల మందాన పరచాలంటే ఎకరాకు దాదాపు 35 ఘనపు మీటర్ల సామగ్రి కావాలి. చెట్టు గొడుగు అంతకంటే విశాలమైతే ఇంకా ఎక్కువ. వరిగడ్డి, వేరుశనగ కట్టె పశువుల మేతకే చాలని ప్రాంతంలో వాటిని పాదులో వేయమని సలహా ఇవ్వడం సబబు కాదు. వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, రాలిన ఆకులు దొరికినంత వరకు వాడుకోవచ్చు. మిగిలిన కొరతను తోటలోనే పండించుకోవాలి. గట్ల మీద గ్లిరిసిడియా నాటి కొమ్మలు నరికి వేయడం, సాళ్ల మధ్య జనుము, అలసంద, పిల్లిపెసర చల్లి పూతకు ముందే కోసి పాదులలో పరచడం ఇందుకు అనువైన మార్గాలు. ప్రకృతి వ్యవసాయంలో ఏప్రిల్, మే నెలలలోనే పొడి నేలలో నవధాన్యాలు విత్తే పద్ధతి కూడా ఈ కొరతను కొంత తీరుస్తుంది.

ఎండు గడ్డి, రంపపు పొట్టు వంటివి కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా తమలో పట్టి ఉంచుతాయి. ఆకులు పాలిపోయినట్లు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. పచ్చిరొట్ట కలపడం, పేడనీరు లేదా జీవామృతం చల్లడం దీనికి విరుగుడు. బిందు సేద్యం ఉన్న తోటలో డ్రిప్పర్లు కప్పు కింద పూడిపోయినా బయటికి తెలియదు. వారానికోసారి గడ్డి ఎత్తి చూడక తప్పదు. చెదలు, నిప్పు భయం కూడా ఈ కాలంలోనే ఎక్కువ.

మృగశిర కార్తెతో పరిస్థితి మారుతుంది. దట్టమైన ఎండుగడ్డి పొర తొలకరి చినుకులను తానే పీల్చుకుంటుంది, నేల వరకు దిగనీయదు. అందుచేత వర్షాలకు ముందు కప్పును కొంత పలుచన చేసి, ఒక మంచి వాన పడి నేల తడిశాక మరల సర్దాలి. చీనీకి ప్రధాన శత్రువైన బంక తెగులు తడిసిన మొదలును ఆశ్రయించి వస్తుంది. గడ్డి కాండాన్ని ఆనుకుని ఉంటే మొదలు ఆరదు. కాండం చుట్టూ కనీసం అడుగు మేర ఖాళీ ఉంచి, మొదలుకు బోర్డో పేస్టు పూయాలి. నీరు నిలిచే నల్లరేగడిలో కప్పు వేయడానికి ముందు మురుగు కాలువలు తీయడం అవసరం.

శీతాకాలంలో చేయవలసిన పని ఇందుకు విరుద్ధం. జనవరి, ఫిబ్రవరి నెలల పూత కోసం రైతులు డిసెంబరులో నీరు ఆపి చెట్టును బెట్టకు గురిచేస్తారు. తేలిక నేలల్లో ఇందుకు తక్కువ రోజులు, బరువు నేలల్లో ఎక్కువ రోజులు పడుతుంది. పాదులో కప్పు అలాగే ఉంటే తేమ ఆరక పూత ఆలస్యమై, విడతలుగా వస్తుంది. బెట్ట కాలంలో కప్పును సాళ్ల మధ్యకు లాగి, ఎరువులు వేసి నీరు ఇచ్చిన తరువాత తిరిగి పరచాలి. మామిడిలోనూ పూతకు ముందు ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పైగా పండు ఈగ కోశస్థ దశ నేలలోనే గడుస్తుంది కనుక, కాయలు రాలే కాలంలో వాటిని కప్పు మీద వదిలివేయరాదు.

ప్లాస్టిక్ షీటు విషయానికి వస్తే, కూరగాయలకు 25 నుంచి 30 మైక్రాన్లు, పండ్లతోటలకు 100 మైక్రాన్ల మందం వాడుకలో ఉంది. మిరప, టమాటాలకు వెండి రంగు పైకి ఉండే షీటు రసం పీల్చే పురుగుల రాకను కొంత తగ్గిస్తుంది. 2014-15లో మొదలైన సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ తొలి మార్గదర్శకాలు హెక్టారుకు 32,000 రూపాయల వ్యయాన్ని ప్రమాణంగా తీసుకుని, అందులో 50 శాతం రాయితీని ఒక్కో లబ్ధిదారుకు 2 హెక్టార్ల వరకు అనుమతించాయి. పరచిన విస్తీర్ణం లెక్కలకు ఎక్కుతుంది గాని, పంట అయిన తరువాత చిరిగిన ముక్కలను ఏరి తీసినదీ లేనిదీ ఎవరూ నమోదు చేయరు. పలుచని షీటు చిరిగి మట్టిలో కలిస్తే దుక్కికి అడ్డుపడుతూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. దీర్ఘకాలిక తోటలలో గడ్డి, రొట్టలకే ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం.

తోటలను పరిశీలించే అధికారులు, వార్తలు సేకరించే విలేకరులు కప్పు ఉన్నదా లేదా అన్నంతటితో ఆగకుండా, దాన్ని పక్కకు తొలగించి నేలను చేతితో తాకి చూడవచ్చు. రెండు వేళ్ల లోతున మట్టి ఉండ కట్టినట్లయితే ఆచ్ఛాదన పనిచేస్తున్నట్లే. పొడిగా రాలితే, ఎప్పుడు ఏ పదునులో కప్పారన్నది రైతును అడిగి తెలుసుకోవాలి.