ఆటస్థలము అమ్మకము

పురపాలక సంఘమునకు నీటిపన్ను వసూలు కాకపోయినను చిక్కే, వీథిదీపములు వెలుగకపోయినను నిష్ఠురమే. ఈ రెంటి నడుమ వేలమంది కూర్చుండదగిన క్రీడాంగణ మొకటి ఏడాదిలో అధికభాగము తాళము వేసియుండగా, లెక్కలు చూచు ఉద్యోగికి "దీనిని ఎవరికైన అమ్మివేసిన నేమి?" అను తలంపు పుట్టుట వింతకాదు. అట్టి తలంపు పుట్టినచోట్ల ఏమి జరిగినదో నేడు కొంత ముచ్చటింపదలచినాము.

మేము కె.కోటపాడు ప్రాంతమువారము. మా చోడవరము వైపు ఊళ్ళలో ఆటస్థలమునకు యజమాని ఎవరను ప్రశ్నయే లేదు. వరి కోసిన మడి, ఎండిన చెరువు, బడి ముంగిలి, ఎవరు ముందు వచ్చి కఱ్ఱలు పాతిన ఆ పూటకు వారిదే ఆట. మరల నాగలి వచ్చువఱకు రైతు కూడ ఏమియు అనడు. పట్టణములందట్లు కాదు. అచ్చట జాగా గజములలెక్కన కొలువబడును. కొలువబడినది ఏదో యొకనాడు వెలకట్టబడును. కావున పట్టణవాసులు ఆటకొఱకొక చోటును గోడకట్టి కాపాడుకొనవలసి వచ్చినది. ఆ గోడ ఎవరు కట్టిరి, తాళపుచెవి ఎవరి చేతనున్నది అనుటయే ఈ కథకంతయు మూలము.

మన దేశమున ఈ తాళపుచెవి మూడు విధముల చేతులలో నుండినది. మొదటిది పురపాలక సంఘము. మదరాసు నగరమున కార్పొరేషను స్టేడియమను పేరుననే ఒక క్రీడాంగణము వెలసినది. 1956 జనవరిలో వినూ మన్కడ్, పంకజ్ రాయ్‌లు న్యూజిలాండుపై మొదటి వికెట్టునకు 413 పరుగులు కూర్చినది అచ్చటనే. ఆ లెక్కను దాటుటకు ప్రపంచమునకు 2008 వఱకు, అనగా 52 ఏండ్లు పట్టినది. 1965 వఱకు అచ్చట టెస్టు పందెములు జరిగినవి. తరువాత అవి చేపాకమునకు తరలిపోయినవి. పన్ను కట్టు పౌరుల సొమ్ముతో నడచు సంస్థ తన పేర ఒక క్రీడాంగణమును నిలుపుకొనుట ఆనాడు గొప్పగనే యెంచబడినది.

రెండవది క్లబ్బు. బొంబాయిలోని బ్రబోర్న్ స్టేడియము 1937లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియావారి సొత్తుగా తెఱవబడినది. అందమునకు, వసతికి లోటులేదు. అయినను పందెము జరిగినప్పుడు నగరపు క్రికెట్టు సంఘమునకు ఎన్ని ఆసనములు వదలవలెనను తగవు ఏండ్ల తరబడి సాగినది. తుదకు ఆ సంఘమువారు విసిగి, నడచిపోదగినంత దూరములోనే వాంఖెడే స్టేడియమును వేరుగ కట్టుకొనిరి. 1975 జనవరిలో అచ్చట మొదటి టెస్టు జరిగినది. ఒక్క నగరమున, ప్రక్కప్రక్కన, ఒకే ఆటకు రెండు మహాకట్టడము లేర్పడుటకు కారణము తాళపుచెవి ప్రైవేటు చేతనుండుటయే. క్లబ్బువారు చెడ్డవారని మా భావము కాదు. తమ యిల్లు తమ యిష్టమనిరి, అంతియే.

మూడవది ప్రభుత్వము. హైదరాబాదులోని ఫతే మైదానము పేరు 1687 నాటి గోలకొండ ముట్టడి జ్ఞాపకమును మోయుచున్నది. అసఫ్‌జాహీల కాలమున పోలో ఆటకు పనికివచ్చినది. 1955 నవంబరులో అచ్చట జరిగిన మొదటి టెస్టులో పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసెను. టెస్టులలో భారతీయుడు రెండువందలు దాటుట అదియే ప్రథమము. 1967లో దానికి లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టిరి. విజయము పొందిన సేన గుడారములు వేసిన నేల పిల్లలు పరుగెత్తు నేలయగుట చరిత్రలో తఱచుగ జరుగు పని కాదు.

ఇక మా ముంగిటి సంగతి. 2022లో అనకాపల్లి జిల్లా యేర్పడువఱకు మా ఊళ్ళన్నియు విశాఖపట్టణము జిల్లాలోనివే; ఆటయన్నను, ఆసుపత్రియన్నను మాకు విశాఖయే. అచ్చటి ఇందిరా ప్రియదర్శిని క్రీడాంగణము నగరపాలక సంస్థది. 1988 డిసెంబరు 10వ తేదీన అచ్చట తొలి అంతర్జాతీయ ఒకరోజు పందెము జరిగినది. కృష్ణమాచారి శ్రీకాంత్ ఆనాడు బ్యాటుతో 70 పరుగులు చేయుటయేగాక, ఎన్నడును లేనిది బంతి పట్టి న్యూజిలాండువారి అయిదు వికెట్లు కూల్చెను. 1996 ప్రపంచకప్పులో ఆస్ట్రేలియా, కెన్యా జట్లు అచ్చటనే ఆడినవి. 2001 ఏప్రిలులో భారత ఆస్ట్రేలియాల పందెముతో ఆ వరుస ముగిసినది. మొత్తము అయిదు పందెములు. తరువాత క్రికెట్టు సంఘమువారు పోతినమల్లయ్యపాలెమున తమ సొంత క్రీడాంగణమును కట్టుకొనిరి. 2005 ఏప్రిలు 5వ తేదీన అచ్చట ధోని పాకిస్తానుపై 148 పరుగులు కొట్టినది శ్రోతలు మఱచియుండరు. పెద్ద ఆట అటు పోయినది. పురపాలకుల మైదానమున పొరుగు పిల్లలును, ఉదయపు నడకకు వచ్చు పెద్దలును, క్రీడల శిక్షకులును మిగిలిరి. వీరివలన టిక్కెట్టు రాబడి లేదు. అమ్మకపు మాట పుట్టుటకు అనువైన స్థితి ఇట్టిదే. ఆదాయము పోయినది, అవసరము మాత్రము పోలేదు. లెక్కల పుస్తకమున మొదటిదానికి గడి కలదు, రెండవదానికి లేదు.

తెలుగునాట ఈ వివాదము మిక్కిలి పెద్దదై న్యాయస్థానములకెక్కిన ఘట్టము హైదరాబాదుది. అచ్చట అమ్మినవారు పురపాలకులు కారు, రాష్ట్రప్రభుత్వమే. ప్రశ్న మాత్రము అదియే. 2002 డిసెంబరులో జాతీయక్రీడలు, 2003 అక్టోబరులో ఆఫ్రో-ఆసియా క్రీడలు హైదరాబాదున జరిగినవి. వానికొఱకు గచ్చిబౌలి మొదలగు చోట్ల గొప్ప క్రీడాంగణములు లేచినవి. ఉత్సవము ముగిసిన పిమ్మట వీనినేమి చేయవలెను? ఒలింపిక్ స్థాయి క్రీడాకారులను తయారుచేయు విద్యాలయములు నెలకొల్పుదుమని ఒక సంస్థ ముందుకు వచ్చెను. దాని పేరు ఐ.ఎం.జి. అకాడమీస్ భారత. 2003 ఆగష్టు 9వ తేదీన నాటి చంద్రబాబు నాయుడు ప్రభుత్వము దానితో అవగాహన పత్రము కుదుర్చుకొనెను. 850 ఎకరముల భూమి ఇచ్చుటకును, నగరమందలి కొన్ని ప్రభుత్వ క్రీడాంగణముల నిర్వహణ అప్పగించుటకును అందు మాట కలదు.

ఇచ్చట తేదీలు కొంత నిదానముగా చూడవలెను. ఆ సంస్థ రిజిస్టరయినది 2003 ఆగష్టు 5న. పత్రముపై సంతకము ఆగష్టు 9న. నాలుగు దినముల వయస్సుగల సంస్థ! 2003 నవంబరులో శాసనసభ రద్దయినది. ఎన్నికలు ముందున్న ఆపద్ధర్మ కాలమున, 2004 ఫిబ్రవరి 10వ తేదీన, కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములకు విక్రయ దస్తావేజు వ్రాయబడెను. ఎకరము వెల 50,000 రూపాయలు. అనగా నాలుగువందల ఎకరములకు రెండు కోట్లు. చుట్టును కంప్యూటరు సంస్థల మేడలు లేచుచున్న చోటది. పెండ్లివారి కిచ్చు మాట పదిమంది యెదుట ఇచ్చుట మన ఆచారము. ఇంత భూమి విషయమున ఆ మాత్రపు బాహాటము కూడ పాటింపబడలేదను విమర్శ బలముగ వచ్చినది.

2006 నవంబరు 21న వై.యస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వము ఆ కేటాయింపును రద్దుచేసెను. ఆ భూమిని తిరిగి తీసుకొనుటకు 2007లో ఒక చట్టమును కూడ చేసిరి. సంస్థ న్యాయస్థానమున కెక్కెను. రాష్ట్రము రెండయ్యెను, ప్రభుత్వములు మాఱెను, వ్యాజ్యము నడచుచునే యుండెను. 2024 మార్చి 7వ తేదీన తెలంగాణ ఉన్నత న్యాయస్థానము రద్దు సరియేయని తీర్పు చెప్పెను. ఆ యేడు మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము సంస్థ వినతిని త్రోసిపుచ్చెను. ఇరువదియేండ్లకు ముగిసిన ఈ వ్యవహారమున ఆ 400 ఎకరములలో ఒక పరుగుపందెపు బాట యైనను పడలేదు. భూమి దక్కినది గాని, ఆట దక్కలేదు.

ఈ ఘట్టమున మాకు తోచునది చెప్పెదము. ఆ పత్రమున క్రీడాంగణముల నిర్వహణయు, విశాలమైన భూమియు ఒక్కచో కలిసియున్నవి. నిర్వహణకు వచ్చువానికి కావలసినవి పనివారు, శిక్షకులు, పరికరములు, కొన్నియేండ్ల వ్యవధి. వీనిలో దేనికిని నేలపై శాశ్వతహక్కు అక్కఱలేదు. శాశ్వతహక్కును కోరువాడు ఆటకంటె వేఱేదో లెక్క వేసికొనుచున్నాడని అనుమానించుట అన్యాయము కాదు. కొనుటకు వచ్చినవానిని ఒక్క మాట అడిగిచూడవలెను: "ఆట ఆగిన మరునాడు నేల ఊరికి తిరిగి చెందునని దస్తావేజులో వ్రాయుదుమా?" ఒప్పుకొనిన అతనికి కౌలు చాలును, అమ్మకమేల? ఒప్పుకొననిచో అతడు కొనుచున్నది క్రీడాంగణము కాదు.

కౌలు అనిన వెంటనే భద్రమని నమ్మరాదు. ఇంగ్లాండులో కొవెంట్రీ నగరము సంగతి దీనికి తగిన సాక్ష్యము. 2005లో తెఱవబడిన అచ్చటి క్రీడాంగణమును నడపు సంస్థలో నగరసభకు సగము, ఒక ధర్మసంస్థకు సగము వాటా ఉండెను. అద్దె తగవు వలన ఆ నగరపు ఫుట్‌బాలు జట్టు 2013లో పొరుగూరికి పోయి ఆడవలసి వచ్చెను. అనగా నగరసభ చేతనున్నప్పుడును సుఖము లేదు. 2014లో నగరసభ తన వాటాను వాస్ప్స్ అను రగ్బీ సంస్థకు అమ్మి, కౌలును 250 ఏండ్లకు పొడిగించెను. 250 ఏండ్ల కౌలు అమ్మకము కాక మఱేమి? ఫుట్‌బాలు జట్టు 2019లో మరల రెండేండ్లు వేఱొక నగరమునకు వలసపోయెను. 2022లో రగ్బీ సంస్థ దివాలా స్థితికి వచ్చెను. క్రీడాంగణము ఒక వర్తకసంస్థ చేతికి పోయెను. 2025లో ఫుట్‌బాలు జట్టు యజమానులు దానిని కొనిరి. పదునొకండు ఏండ్లలో మూడు చేతులు మాఱినది. ప్రతి మార్పునకు ముందును నగరవాసులకు వార్తాపత్రికయే దిక్కు. తమ వాటాను అమ్ముకొనినవారికి సలహా చెప్పు హక్కుండదు గదా.

మన న్యాయస్థానములు ఈ విషయమున కొంత దారి చూపినవి. బెంగుళూరులో ఉద్యానవనమునకని కేటాయించిన జాగాను ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చిన వ్యవహారమును 1991లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది. ఆసుపత్రి మంచిపనియే. అయినను పదిమంది గాలి పీల్చుకొనుటకని కాగితముమీద గీసిన చోటు మఱొక మంచిపనికైనను అధికారుల యిచ్చవచ్చినట్లు మాఱరాదని తీర్పు. ఆటస్థలమునకును ఇది చక్కగ వర్తించును.

అమ్మవలెననువారి వాదమును తేలికగ త్రోసివేయుట తగదు. పురపాలక సంస్థలు క్రీడాంగణములను కాపాడిన తీరు గర్వింపదగినదిగా లేదు. నేడు వస్త్రప్రదర్శన, రేపు రాజకీయసభ, ఎల్లుండి సంగీత విభావరి. సభ ముగిసిన మరునాడు గడ్డిని చూచిన కన్నీరు వచ్చును. మేకులు దిగిన గుంతలలో పిల్లలు పరుగెత్తి కాళ్ళు విఱుచుకొందురు. స్నానపుగదులలో నీరుండదు, ఆడపిల్లలకు బట్టలు మార్చుకొను చోటుండదు. సంపాదన లేని యజమాని చేతిలో ఏ యిల్లైనను కూలును. ప్రైవేటువాడు వచ్చినచో దీపములు వెలుగునని, గడ్డి పెరుగునని చెప్పుదురు. వెలుగును, పెరుగును. ప్రవేశరుసుము కూడ పెరుగును. చేపలు పట్టువారి పేటనుండి వచ్చు కుఱ్ఱవాడు ఆ రుసుము నియ్యగలడా అనుట లెక్కలు చూచు ఉద్యోగి వేసికొనవలసిన ప్రశ్న.

మా యభిప్రాయమున నిర్వహణను పది పదునైదేండ్ల కౌలుకు, బహిరంగముగ పిలిచిన పోటీలో, ఇచ్చుట తప్పుకాదు. వారమున ఇన్ని గంటలు ఊరి పిల్లలకు రుసుము లేక వదలవలెనని, ఆటకు సంబంధింపని కట్టడము కట్టరాదని, కౌలు తీరిననాడు కట్టినదంతయు ఊరిదేయని అందు వ్రాయవలెను. ఆ పత్రమును తెలుగున అచ్చువేసి కార్యాలయపు గోడపై అంటింపవలెను. నేలను మాత్రము అమ్మరాదు. రెండు కోట్లకు వ్రాసి యిచ్చిన కంచ గచ్చిబౌలి భూమికి 2025 నాటికి వేలకోట్ల విలువ కట్టిరి. ఆ యేడు దానిని కంప్యూటరు సంస్థలకు వేలము వేయుటకు తెలంగాణ ప్రభుత్వము పూనుకొనగా, ప్రక్కనున్న విశ్వవిద్యాలయపు విద్యార్థులు అడ్డుకొనిరి. ఏప్రిలు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము అచ్చట చెట్లు కొట్టుటను నిలిపివేసినది. ఆ తగవునందు అడవి మాట వినవచ్చినది, కంపెనీల మాట వినవచ్చినది. 2004లో ఏ ఆటల పేర ఆ నేల మొదట చేయి మాఱినదో, ఆ ఆటల మాట ఎత్తినవారు అరుదు.