లైవ్ కోడింగ్ ఇంటర్వ్యూ: మాట్లాడుతూ రాయడమే అసలు పరీక్ష

అల్ఫారెట్టాలో జీఏ-400 పక్కన ఐటీ ఆఫీసులకు కొదవ లేదు. కానీ లేఆఫ్ అయిన ఇంట్లో లెక్కంతా రోజుల్లోనే. హెచ్-1బీపై ఉన్నవారికి గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 గడువు ముందే ముగిస్తే అప్పటివరకే. ఓపీటీలో ఉన్న పిల్లలు ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. ఇంత తక్కువ సమయంలో చేతికొచ్చిన ఇంటర్వ్యూ లైవ్ కోడింగ్ దగ్గర పోతే ఆ బాధ ఇంటిల్లిపాదిదీ.

అలా పోగొట్టుకున్నవారిలో చాలామందికి కోడింగ్ బాగానే వచ్చు. ఎవరైనా చూస్తుంటేనే చేతులు ఆడవు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం దీన్నే చెప్పింది. 48 మంది విద్యార్థుల్లో కొందరు పరిశీలకుడి ముందు వివరిస్తూ బోర్డు మీద రాశారు, మిగతావారు గదిలో ఒంటరిగా రాశారు. ఒకరు చూస్తుండగా రాసినవారి ఫలితం సగానికి పైగా పడిపోయింది.

పరీక్ష హాల్లో నోరు మెదిపితే తప్పని నేర్పిన చదువు మనది. ఇక్కడ మౌనంగా ఉంటేనే నష్టం. కాబట్టి రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లీట్‌కోడ్‌లో వందల ప్రశ్నలు చేయడం ఒక్కటే చాలదు. భార్యనో భర్తనో స్నేహితుణ్నో ఎదురుగా కూర్చోబెట్టి, 45 నిమిషాలు టైమర్ పెట్టి, ఇంగ్లిష్‌లో చెబుతూ రాయండి. వారికి కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు. మీరు మాట ఆపినప్పుడు "ఇప్పుడేం ఆలోచిస్తున్నారు?" అని అడిగితే చాలు.

ఉదాహరణకు, లిస్టులో ఏ రెండు సంఖ్యల మొత్తం 10 అవుతుందో కనుక్కోమన్నారు. వెంటనే టైప్ చేయకండి. లిస్టు ఎంత పెద్దది, ఖాళీగా ఉండొచ్చా, ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా అని అడగండి. ముందు తేలిక దారి చెప్పండి: ప్రతి జతనూ కూడి చూడటం. అది పెద్ద లిస్టుకు ఎందుకు నెమ్మదో చెప్పి, చూసిన సంఖ్యలను హ్యాష్ మ్యాప్‌లో దాచుకుంటే ఒక్క చుట్టుతో అయిపోతుందని వివరించి, అప్పుడు రాయండి. చివర్లో చిన్న ఉదాహరణతో కోడ్‌ను మీరే నడిపి చూపించండి. మధ్యలో హింట్ ఇస్తే చేతులు ఆపి వినండి. చాలామంది వినకుండా రాసుకుంటూ పోతారు.

పక్క స్క్రీన్‌లో ఏఐ జవాబులు, ప్రాక్సీల జోలికి మాత్రం వెళ్లకండి. "ఈ లైన్ ఎందుకు?" అన్న ఒక్క ప్రశ్నతో బయటపడిపోతుంది.

కొన్ని ఇంటర్వ్యూల్లో కోడ్‌ను రన్ చేసే వీలుండదు. ఏ ఎడిటర్, ఏ లాంగ్వేజ్, ఎంత సమయం అన్నది రిక్రూటర్‌ను ముందే అడగండి. సాధారణంగా చెబుతారు.