ఎవరూ గెలవని సిరీస్ చెత్తదేనా? ఒక పాత పిల్లల ఆట చరిత్ర



ఈసారి కాస్త దూరం వెళ్దాం. ఇంగ్లాండ్‌లో 1987 నుంచి 1994 దాకా టీవీలో వచ్చిన ఒక పిల్లల ఆట గురించి రాస్తున్నాం. పేరు నైట్‌మేర్. ఆ షో ఆగిపోయి ముప్పై ఏళ్లు దాటింది. అప్పట్లో దాన్ని చూసిన పిల్లలకి ఇప్పుడు నలభై, యాభై ఏళ్లుంటాయి. అయినా ఎనిమిది సిరీస్‌లలో ఏది బెస్టు, ఏది చెత్త అని వాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ గొడవ మనకెందుకు అంటారా? గెలిచారా ఓడారా అని మాత్రమే చూసి ఒక బ్యాచ్ మొత్తాన్ని మంచిదనో పనికిరానిదనో తేల్చేయడం మనకీ అలవాటే కదా. అందుకని.

ముందు ఆట ఎలా ఉండేదో చెప్పుకుందాం. నార్విచ్ ఊళ్లోని ఆంగ్లియా టెలివిజన్ దీన్ని తీసింది. ఆలోచన టిమ్ చైల్డ్ అనే ఆయనది. ఆ రోజుల్లో ఇళ్లలోకి కొత్తగా వచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటర్ గేములు చూసి, ఇలాంటిది టీవీలో పిల్లలతోనే ఆడిస్తే ఎలా ఉంటుంది అనుకున్నాడు. పేరులో కూడా ఒక తమాషా ఉంది. ఇంగ్లీషులో కవచం తొడిగిన వీరుణ్ని నైట్ అంటారు, రాత్రినీ నైట్ అనే అంటారు. రాత్రితో మొదలయ్యే నైట్‌మేర్ అంటే పీడకల. వీళ్లు స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం ముందు చేర్చి రెండు అర్థాలూ కలిపేశారు.

ఒక్కో జట్టులో నలుగురు పిల్లలు. అందులో ఒకరు మంత్రాల కోటలోకి వెళ్లాలి. ఆ పిల్లాడి తలకి కళ్లు కనబడకుండా పెద్ద హెల్మెట్ పెడతారు. మిగతా ముగ్గురు కోట పెద్ద ట్రెగార్డ్ దగ్గర కూర్చుని తెర మీద అంతా చూస్తూ దారి చెప్పాలి. రెండడుగులు ముందుకి, ఎడమకి జరుగు, ఆగు, చెయ్యి చాపు, ఇలా. ట్రెగార్డ్ వేషం ఎనిమిది సిరీస్‌లలోనూ హ్యూగో మయాట్ అనే నటుడే వేశాడు. దారిలో గోడలోంచి రాక్షస ముఖాలు లేచి పొడుపు కథలు అడుగుతాయి. సరిగ్గా చెబితే ముందు గదిలో ఏ వస్తువు తీసుకోవాలో ఒక ఆచూకీ దొరుకుతుంది. మంత్రం వెయ్యాలంటే దాని పేరు ఒక్కో అక్షరం స్పెల్లింగ్ చెప్పాలి. ఒక్క మాట తప్పు చెప్పినా లోపల ఉన్న స్నేహితుడు గోతిలో పడిపోవచ్చు. అంతే, ఆ జట్టు ఆట అయిపోతుంది. రెండో ఛాన్స్ ఉండదు.

ఆ హెల్మెట్ ఎందుకో తెలిస్తే ముచ్చటేస్తుంది. నిజానికి లోపల కోటా లేదు, గొయ్యీ లేదు. ఉన్నది నీలిరంగు వేసిన ఖాళీ గది. డేవిడ్ రో అనే చిత్రకారుడు చేత్తో వేసిన బొమ్మల్ని కంప్యూటర్ సాయంతో ఆ నీలిరంగు స్థానంలో కలిపేవాళ్లు. కళ్లు కనబడితే ఆ పిల్లాడికి నీలిగోడ తప్ప ఇంకేం కనబడదు, భయం పోతుంది. అందుకే కళ్లు మూసేశారు. ఉన్న సాధనాలు కొంచెమే. ఆ కొరతలోంచే ఆటకి ప్రాణం పుట్టింది.

ఇక వాదనకి వద్దాం. అభిమానుల్లో ప్రధానంగా మూడు వర్గాలు కనబడతాయి.

మొదటివాళ్లకి పాత సిరీస్‌లే ఇష్టం. చీకటి గదులు, చేత్తో వేసిన బొమ్మలు, కరుణ లేని ఆట. అసలు నైట్‌మేర్ అంటే అదే అంటారు వాళ్లు. రెండోవాళ్లది 1990లో వచ్చిన నాలుగో సిరీస్ నుంచి మొదలయ్యే కాలం. అప్పుడే కెమెరా నీలిగది దాటి బయటికొచ్చింది. నిజమైన కోటల్లో, ఆరుబయట తీసిన దృశ్యాలు కలిపారు. ఐదో సిరీస్‌లో లార్డ్ ఫియర్ అనే విలన్ వచ్చాక కథకి బిగువు పెరిగిందంటారు. మూడోవాళ్లు చివరి సిరీస్‌లతో పెరిగినవాళ్లు, వాళ్లకి అవే తీపి. ఎవరి చిన్నతనం ఏ సిరీస్‌తో గడిచిందో వాళ్లకి అదే బెస్టు అవుతుంది. అందులో తప్పేం లేదు. కానీ దాన్ని చరిత్ర అనలేం.

చెత్త సిరీస్ ఏదంటే ఎక్కువగా వినబడేవి మొదటిదీ చివరిదీ. మొదటి సిరీస్ నిదానం, ఎనిమిది ఎపిసోడ్లే, పైగా ఒక్క జట్టు కూడా గెలవలేదు. చివరిదైన ఎనిమిదో సిరీస్ పది ఎపిసోడ్లకే ముగిసింది. చేతి బొమ్మలు పోయి కంప్యూటర్‌లో తయారైన గదులొచ్చాయి, చూడ్డానికి ప్లాస్టిక్‌లా ఉంటాయని ఫిర్యాదు.

మేం ఆగి ఆలోచించింది మొదటి సిరీస్ దగ్గర. 1987లో ఆ కోటలోకి వెళ్లిన పిల్లలకి ముందు నడిచినవాళ్లు ఎవరూ లేరు. ఆట ఎలా ఉంటుందో టీవీలో చూసి నేర్చుకుందామంటే అప్పటికి షోనే లేదు. ఏ ప్రశ్న ఎందుకు అడుగుతారో, ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో చెప్పేవాళ్లు లేరు. వాళ్లు పడ్డ ప్రతి గొయ్యీ తరవాతివాళ్లకి పాఠం అయ్యింది. 1988లో రెండో సిరీస్ పదహారు ఎపిసోడ్లు వచ్చింది. అందులో రెండు జట్లు గెలిచాయి. ఆ గెలుపులో మొదటి సిరీస్‌లో ఓడినవాళ్ల వాటా లేదా?

లెక్క ఇంత సులువైతే మూడో సిరీస్‌లో ఇంకా ఎక్కువమంది గెలవాలి. గెలవలేదు. 1989లో మళ్లీ సున్నా! రెండేళ్లుగా షో చూసినా ఒక్క జట్టూ చివరిదాకా పోలేదు. ఎందుకంటే కోట అలాగే ఉండిపోలేదు. కొత్త గదులు, కొత్త చిక్కుముళ్లు పెట్టారు. పాత పేపర్లు బట్టీపట్టి పరీక్షకి వెళ్తే సిలబస్ మారిపోయినట్టు. కాబట్టి ఓటమిని ఆడినవాళ్ల తెలివితోనే కొలవకూడదు. ఆ ఏడాది ఆట ఎంత కష్టంగా పెట్టారో కూడా చూడాలి. ఇంకో సంగతి కూడా ఉంది. సిరీస్ అయిపోయే టైముకి ఇంకా ఆడుతున్న జట్టుని మధ్యలోనే ఆపేసేవాళ్లు. తప్పు చేయకపోయినా వాళ్లు గెలవనివాళ్ల లెక్కలోకే పోయారు.

ఎనిమిది సిరీస్‌లు, 112 ఎపిసోడ్లు కలిపి గెలిచిన జట్లు ఎనిమిదే. అంటే సగటున పద్నాలుగు ఎపిసోడ్లకి ఒక్క గెలుపు. ఓడినవాళ్లని తీసేస్తే ఈ షోలో చరిత్రంటూ ఏమీ మిగలదు. జనం గుర్తుపెట్టుకున్న భయం, నవ్వు, అయ్యో అనిపించిన క్షణాలు చాలావరకు ఓడిన జట్లు ఇచ్చినవే.

మరి మా తీర్పేంటి అంటారా? బెస్టు రెండోది. ఆట కష్టంగానే ఉంది, కానీ గెలవడం సాధ్యమేనని అప్పుడే రుజువైంది. ధైర్యానికి ఓటు నాలుగోదానికి, బాగా నడుస్తున్న పద్ధతిని తామే మార్చుకున్నారు కాబట్టి. బలహీనమైనది ఎనిమిదోది. అయితే అది గదుల లోటు, ఆడిన పిల్లల లోటు కాదు. పది ఎపిసోడ్లలోనే అక్కడా ఒక జట్టు గెలిచింది. మొదటిదాన్ని చెత్త అనడానికి మాత్రం మేం ఒప్పుకోం.

ఎందుకో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. మన గూడేల నుంచి, తండాల నుంచి మొదటిసారి కాలేజీకి వెళ్లి మధ్యలో ఆగిపోయిన అన్నలు, అక్కలు ఉన్నారు. ఫారం నింపడం చెప్పేవాళ్లు లేరు, ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పేవాళ్లు లేరు. వాళ్లని ఫెయిలైన బ్యాచ్ అనేస్తాం. వాళ్లు ఏ గోతిలో పడ్డారో ఇంటికొచ్చి చెప్పబట్టే మనం దాన్ని దాటి వచ్చాం.

మీ ఊళ్లో మొదటి బ్యాచ్ ఎవరో, వాళ్లు ఎక్కడిదాకా వెళ్లగలిగారో అడిగి కింద రాయండి. గెలిచినవాళ్లవి మాత్రమే కాదు, అందరి పేర్లూ రాయండి.