పాకిస్తాన్: పేరు, దాని కర్త

'పాకిస్తాన్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన చౌధురి రహ్మత్ అలీ, పంజాబులోని హోషియార్‌పూర్ జిల్లాలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదువుతూ 1933 జనవరి 28న వెలువరించిన కరపత్రంలో, పంజాబు, అఫ్ఘానియా (అంటే నాటి వాయవ్య సరిహద్దు రాష్ట్రం), కశ్మీరు, సింధుల తొలి అక్షరాలకు బలూచిస్తాన్ తుది భాగాన్ని చేర్చి, 'ఇ'కారం లేని 'పాక్‌స్తాన్' అనే రూపాన్ని వాడాడు. పారశీకంలో 'పాక్' అంటే పవిత్రం, 'స్తాన్' అంటే చోటు కనుక, పొడి అక్షరాల కూర్పుగా పుట్టిన పేరు అర్థవంతమైన సమాసంగానూ నిలిచింది; ఆ 'స్తాన్' మన 'స్థానం'కు జ్ఞాతిపదమే. ఈ అక్షరాల్లో బెంగాలుకు చోటు లేకపోవడం, 1947లో పాకిస్తాన్‌లో చేరిన తూర్పు బెంగాలు తర్వాత విడిపోయిన చరిత్ర తెలిసినవారికి, చిన్న సంగతిగా తోచదు. తర్వాతి రచనల్లో ఆయన బెంగాలుకు వేరే పేరు పెట్టి, నిజాం ఏలిన హైదరాబాదును 'ఉస్మానిస్తాన్' అన్నాడు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజలు అత్యధికంగా ఉన్న సంస్థానాన్ని పాలకుడి పేరుతో పిలిచిన ఆ ఆలోచన, జనాన్ని లెక్కలోకి తీసుకోని ఆలోచన. ముస్లిం లీగ్ చేసిన 1940 లాహోరు తీర్మానంలో 'పాకిస్తాన్' అనే మాట లేకపోయినా, పేరు మాత్రం స్థిరపడిపోయింది. 1948లో పాకిస్తాన్ చేరిన రహ్మత్ అలీ, తాను కోరినదానికన్నా చిన్న పాకిస్తాన్‌కు ఒప్పుకున్న నాయకత్వాన్ని తీవ్రంగా విమర్శించి, అదే ఏడు దేశం విడిచి వెళ్లవలసివచ్చి, 1951 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో మరణించగా, ఆయనను అక్కడే ఖననం చేశారు.