పెరట్లో కొలను: ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

ఖురంలో మనవాళ్ళు అద్దెకి తీసుకునే విల్లాల్లో కొన్నింటికి స్విమ్మింగ్ పూలో, చేపల కొలనో, ఫౌంటెనో ఉంటుంది. శుక్రవారం సాయంత్రం స్నేహితుల కుటుంబాలు వస్తే పిల్లలందరూ చేరేది ఆ నీళ్ళ దగ్గరే. వాళ్ళలో ఒకరికి ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఇంటి ఓనరా, అద్దెకున్న మనమా? "ఇల్లు నాది కాదు కదా" అన్న మాట ఒమన్ చట్టం ముందు నిలవకపోవచ్చు.

ఒమన్ సివిల్ లావాదేవీల చట్టం 2013లో (రాజశాసనం 29/2013) వచ్చింది. దాని 176వ అధికరణం ప్రకారం ఇతరులకి నష్టం కలిగించినవారు దాన్ని పూడ్చాలి. నష్టం నేరుగా చేస్తే తప్పుందా లేదా అని చూడరు. పరోక్షంగా కారణమైతే మాత్రం హద్దు మీరినట్టు, అంటే నిర్లక్ష్యం లాంటిది ఉన్నట్టు తేలాలి. పిల్లవాడు కొలనులో పడటం సాధారణంగా ఈ రెండో కోవలోకే వస్తుంది. అదే చట్టంలో ఇంకో నియమం ఉంది: ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వస్తువు ఎవరి ఆధీనంలో ఉంటే, దాని వల్ల జరిగే నష్టానికి వాళ్ళే పూచీ, తప్పించలేని నష్టం తప్ప. గమనించండి, ఎవరి పేరున ఉందని కాదు, ఎవరి ఆధీనంలో ఉందని. గేటు తాళం, పంపు స్విచ్ మీ దగ్గరుంటే ఆధీనం మీదేనని వాదించడం తేలిక. కంచె విరిగిందని ఓనరుకి చెప్పినా బాగుచేయించకపోతే సంగతి వేరు. అందుకే ఫోన్లో కాకుండా రాసి పంపండి. పూల్ నిర్వహణ ఎవరిదో అద్దె ఒప్పందంలోనే రాయించుకోవడం ఇంకా మంచిది. మరణానికి చెల్లించే దియాని 2008లో 15,000 రియాళ్ళుగా నిర్ణయించారు.

2007 జూన్‌లో గోను తుఫానుకి ఖురం మునిగింది. అలాంటి వరద తప్పించలేనిదే. కానీ వరద తీశాక ఆ మురికి నీటిని వారాల తరబడి పూల్‌లో వదిలేస్తే దాన్ని ప్రకృతి మీదకి నెట్టలేం.

జబ్బుల విషయంలో రుజువు కష్టం. డెంగీ దోమ మన ఫౌంటెన్‌లోనే పుట్టిందని ఎవరు చూపించగలరు? అయినా 2022లో మస్కట్‌లో డెంగీ కేసులు వచ్చినప్పుడు అధికారుల దృష్టి ఇళ్ళల్లో నిలవ నీటి మీదే పడింది. ఏడిస్ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకి రావడానికి వారం పది రోజులు చాలు. సెలవులకి ఇండియా వెళ్తే నెల రోజులు ఆగిపోయిన ఫౌంటెన్ సంగతి ఇక ఊహించుకోండి. వెచ్చని మంచినీటి కొలనుల్లో మెదడుని తినే అమీబా ఉండొచ్చు. 2024లో కేరళలో పిల్లలు చనిపోయింది దీనితోనే. ఆ నీళ్ళు తాగితే కాదు, ముక్కులోకి పోతేనే ప్రమాదం. క్లోరిన్ సరిగ్గా ఉన్న పూల్‌లో ఈ భయం దాదాపు లేదు.

ఇక ఇండియాలో మనకున్న ఆస్తుల మాట. అక్కడ దీనికి ప్రత్యేక చట్టం లేదు, కోర్టు తీర్పులే ఆధారం. వాటిలో పాతదొకటి మన చిత్తూరు జిల్లాదే. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాస్ రైల్వే కంపెనీకి నష్టం జరిగితే కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. ఇంగ్లండ్‌లో 1868 నాటి రైలాండ్స్ తీర్పు ప్రకారం నీళ్ళు నిలవ చేసినవాడు తప్పు లేకపోయినా బాధ్యుడు. 1874లో ప్రీవీ కౌన్సిల్ అది ఇక్కడ వర్తించదంది. చెరువులు రైతుల కోసం, వాటిని కాపాడటం జమీందారు విధి, నిర్లక్ష్యం ఉంటేనే బాధ్యత అని తేల్చింది. నా ఉద్దేశంలో ఫామ్‌హౌస్ పూల్‌కి ఈ మినహాయింపు అడగడం కష్టం, అది ఊరి కోసం తవ్వింది కాదు కదా!

పొలంలో ప్లాస్టిక్ షీటు పరిచిన నీటికుంట ఇంకా ప్రమాదం. జారుడు గట్టు పట్టుకుని ఈత వచ్చినవాడు కూడా పైకి రాలేడు. చుట్టూ కంచె, లోపలికి ముడులు వేసిన తాడు ఉండాలి. మనిషి చనిపోతే కుటుంబం నష్టపరిహారం కోరడానికి గడువు రెండేళ్ళు. నిర్లక్ష్యం వల్ల మరణానికి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ కుంటని చూసుకునే కౌలుదారు పేరు, ఫోన్ నంబరు మీ దగ్గర ఉన్నా, కంచె ఎవరు వేయించాలో అతనితో కాగితం మీద రాసుకున్నారా?