గుర్రం నుంచి కారు దాకా – అమ్మేవాడి మౌనం

మన సంఘ సభ్యుల్లో కార్లున్నవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. విరమణ సొమ్ముతోనో, పిల్లలు పంపిన డబ్బుతోనో పది పన్నెండేళ్ల క్రితం కొన్న బండ్లవి. పాతదాన్ని షోరూములో ఇచ్చేసి, ఎక్స్ఛేంజిలో గేర్లు మార్చే పని లేని చిన్న బండి తీసుకుందామన్న ఆలోచన చాలా ఇళ్లల్లో సాగుతోంది. ఆ సందర్భంలో ఒక ప్రశ్న తరచు వినబడుతోంది: "ఎప్పుడో బండికి పెద్ద దెబ్బే తగిలింది, బాగు చేయించాం. ఆ సంగతి ఇప్పుడు మనంతట మనం చెప్పాలా? వాళ్ల మెకానిక్కు చూసుకుంటాడు కదా?"

ఈ ప్రశ్న కారుతో పుట్టింది కాదు. గుర్రం గురించి, ఎద్దు గురించి, ఇంటి గురించి మనుషులు రెండు వేల ఏళ్లకు పైగా ఇదే అడుగుతున్నారు. నేను 1939 నాటి మోటారు వాహనాల చట్టం అమల్లో ఉండగా రవాణా శాఖలో గుమాస్తాగా చేరి, 1988 చట్టం కింద పనిచేస్తూ విరమించినవాణ్ణి. ఆ అనుభవంతో, చదివి తెలుసుకున్నదానితో ఈ ప్రశ్న చరిత్రను పాఠకుల ముందుంచుతున్నాను.

మన పశువుల సంతలు చూసినవారికి ఆ బేరం గుర్తుండే ఉంటుంది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. కొనేవాడు పళ్లు చూసి వయసు కట్టేవాడు, సుడులు చూసేవాడు, నాలుగడుగులు నడిపించి చూసేవాడు. అమ్మేవాడు తనంతట తాను లోపం చెప్పేవాడు కాదు. దాన్ని ఎవరూ పెద్ద తప్పుగా ఎంచలేదు. ఎందుకంటే కొనేవాడూ రైతే. పశువు గురించి ఇద్దరికీ ఇంచుమించు ఒకటే తెలుసు. అయినా పొడిచే గుణం, లోపలి జబ్బు సంతలో బయటపడవు. ఇంటికి తోలుకెళ్లాకే తెలుస్తాయి.

ఈ చిక్కును కౌటిల్యుడు గుర్తించాడు. అర్థశాస్త్రం మూడవ అధికరణంలో కొన్న వస్తువును తిరిగి ఇచ్చే గడువులు చెబుతూ, నాలుగు కాళ్ల జంతువులకు మూడు పక్షాలు, అంటే 45 రోజులు పెట్టాడు. మంచిచెడ్డలు తెలియడానికి ఆ మాత్రం కాలం పడుతుందన్నది ఆయన చెప్పిన కారణం. రోగిష్టి పశువును ఆరోగ్యమైనదని చెప్పి అమ్మితే 12 పణాల జరిమానా విధించాడు. లోపం కంటికి కనబడనప్పుడు, 'చూసుకుని కొన్నావుగా' అంటే సరిపోదని ఆయన భావించాడన్నమాట.

రోములో అంతకంటే ముందుకు వెళ్లారు. అక్కడ అంగళ్లను పర్యవేక్షించే ఈడైల్ అనే అధికారులు ఒక శాసనం తెచ్చారు. బానిసలనుగాని, పశువులనుగాని అమ్మేవారు వాటి జబ్బులు, లోపాలు ముందే ప్రకటించాలి. లేకుంటే కొన్నవాడు ఆరు నెలల్లోపు బేరం రద్దు కోరవచ్చు, ఏడాదిలోపు ధర తగ్గింపు కోరవచ్చు. తనకు ఆ లోపం తెలియదన్నా అమ్మినవాడికి విముక్తి లేదు. మనుషులను సరుకుగా అమ్మిన ఆ వ్యవస్థ హేయమైనదే. కాని లోపం చెప్పే భారం అమ్మేవాడిదేనన్న సూత్రం అక్కడ స్థిరపడింది.

క్రీ.పూ. 44లో సిసెరో తన కుమారుడి కోసం కర్తవ్యాల గురించి ఒక గ్రంథం రాశాడు. లోపాలున్న ఇంటిని అమ్మేవాడు వాటిని చెప్పాలా అన్న చర్చ అందులో ఉంది. చట్టం అడిగినంత చెబితే చాలునని ఒక తత్వవేత్త అంటే, అంతా చెప్పాలని మరొకరు అన్నారు. సిసెరో రెండవవారి పక్షం వహించాడు. ప్రతి మౌనమూ దాచిపెట్టడం కాదనీ, తెలియవలసినవాడికి తెలియకుండా ఉంటే మనకు లాభమని ఊరుకోవడమే దాచిపెట్టడమనీ ఆయన తేల్చాడు.

తరువాతి కాలంలో ఇంగ్లండు న్యాయస్థానాలు వేరే దారి పట్టాయి. 1603లో అక్కడొక వ్యాజ్యం నడిచింది. మేక వంటి జంతువుల కడుపులో దొరికే బెజోవార్ రాయి విషానికి విరుగుడని నమ్మే రోజులవి. ఒక స్వర్ణకారుడు ఒక రాయిని అదేనని చెప్పి 100 పౌన్లకు అమ్మాడు. అది కాదని తేలింది. హామీ ఇవ్వకుండా ఊరికే చెప్పిన మాటకు దావా చెల్లదన్నారు. కొనేవాడే జాగ్రత్తపడాలన్న సూత్రం అక్కడ అలా బలపడింది.

ఆ సూత్రమే 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ద్వారా మనకూ వచ్చింది. కాని ఆ చట్టం 17వ సెక్షనులో గుర్రం గురించి ఇచ్చిన ఉదాహరణలు అందరూ తెలుసుకోదగినవి. ఒకడు లోపమున్న గుర్రాన్ని వేలంలో అమ్మాడు, లోపం తెలిసీ ఏమీ చెప్పలేదు. అది మోసం కాదు. రెండవ ఉదాహరణలో కొనేది అతని కూతురే, అప్పుడే మేజరయింది. ఆ సంబంధం వల్ల, లోపముంటే చెప్పవలసిన బాధ్యత అతనికి ఉంటుంది. మూడవ దానిలో కొనేవాడు, నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నదనే అనుకుంటానంటాడు. అప్పుడు అమ్మేవాడు పలకకపోతే ఆ మౌనం మాటతో సమానం. గుర్రం అదే, లోపం అదే. ఎదుటివాడు మన మీద ఎంత ఆధారపడ్డాడన్నదాన్ని బట్టి మౌనానికి అర్థం మారిపోతోంది.

అదే చట్టం 19వ సెక్షనులో మరొకటి ఉంది. మౌనం వల్ల మోసం జరిగినా, కొన్నవాడు మామూలు శ్రద్ధతో నిజం కనిపెట్టగలిగే వీలుంటే ఒప్పందం రద్దు చేసుకోలేడు. కాబట్టి 'వాళ్ల మెకానిక్కు చూసుకుంటాడు' అన్న వాదనకు చట్టంలో కొంత బలం లేకపోలేదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కూడా, కొనేవాడు ఏ అవసరానికో చెప్పి, ఆ వ్యాపారం చేసేవాడి నేర్పు మీద ఆధారపడి కొన్నప్పుడు వ్యాపారి మీద బాధ్యత పెట్టిందే తప్ప, సొంత బండి అమ్ముకునే గృహస్థు మీద అంత పెట్టలేదు.

ఇక కార్ల సంగతి. అంబాసిడరుకు, ఫియట్‌కు పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలంలో ఊళ్లో కార్లు కొద్ది. ఏ బండి ఏ చెట్టుకు గుద్దుకుందో మెకానిక్కులందరికీ తెలిసేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కార్లు పెరిగాయి, చేతులు మారడమూ పెరిగింది. 2001లో మారుతి కంపెనీయే పాత కార్ల కొనుగోలు, అమ్మకం మొదలుపెట్టింది. ఇప్పుడు హైదరాబాదులో ఎక్స్ఛేంజి ఇచ్చిన బండి ఏ జిల్లాకో, ఏ రాష్ట్రానికో పోతుంది. దాని కథ తెలిసిన మెకానిక్కు అక్కడ ఉండడు.

మరి ప్రభుత్వ రికార్డులో ఉంటుందా? ఉండదు. ఇది నేను చేతులారా రాసిన రికార్డు గనుక చెబుతున్నాను. రిజిస్ట్రేషను పుస్తకంలో యజమాని పేరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, తయారైన సంవత్సరం, ఫైనాన్సు వివరం ఉంటాయి. ప్రమాదానికి కాలమ్ లేదు. ప్రమాదం జరిగిన బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు పరీక్షించి ఇచ్చే రిపోర్టు పోలీసులకు, అక్కణ్ణుంచి కోర్టుకు వెళుతుంది. బండి పుస్తకంలోకి రాదు.

నా సర్వీసులో ఒక టాక్సీ డ్రైవరు మా కౌంటరు దగ్గరకు వచ్చాడు. భార్య నగలు కుదువబెట్టి పాత అంబాసిడరు కొన్నాడు. నెల తిరక్కుండానే బండి పక్కకు లాగుతుంటే విప్పించాడు. అడుగుభాగం విరిగితే వెల్డింగు చేసి రంగు వేశారని తేలింది. "అయ్యా, ఇదేదీ మీ పుస్తకంలో లేదా?" అని అడిగాడు. పన్ను కట్టి ఉందనీ, అప్పు తీరిందనీ చూపించగలిగాను. అతను అడిగింది మాత్రం ఆ పుస్తకంలో లేదు.

2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సవరించి, పాత వాహనాల డీలర్లు రిజిస్టరింగ్ అధికారి వద్ద అనుమతి పొందాలని, బండి డీలరుకు అప్పగించిన సంగతి యజమాని తెలియజేయాలని చెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇవి అమల్లోకి వచ్చాయి. మంచిదే. కాని వాటి ఉద్దేశం బండి ఎవరి చేతిలో ఉందో తెలియడం. బండికి ఏమయిందో తెలియడం కాదు.

ఇతర దేశాల్లోనూ ఈ తగవు సులువుగా తెగలేదు. అమెరికాలో పాత కార్ల డీలర్లు తమకు తెలిసిన లోపాలు చెప్పి తీరాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1981లో నిబంధన తెస్తే, 1982లో అక్కడి పార్లమెంటు దాన్ని తోసిపుచ్చింది. అలా తోసిపుచ్చే అధికారం చెల్లదని కోర్టు అన్నా, 1984లో వచ్చిన నిబంధనలో ఆ షరతు లేకుండా పోయింది. పాత కార్ల అంగడిలో నిజం అమ్మేవాడికే తెలుస్తుందనీ, అందువల్ల మంచి బండికీ మంచి ధర రాకుండా పోతుందనీ ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లోనే రాశాడు. 2001లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఒకడి మౌనం నిజాయితీగా అమ్ముకునే పదిమందికీ నష్టమేనన్నది ఆ వ్యాసం సారాంశం.

2005 జూలైలో ముంబాయి, 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ నీళ్లలో ఎన్నో కార్లు నానాయి. మునిగిన బండిని కడిగి ఆరబెడితే కొత్తదానిలా ఉంటుంది. వైర్ల కొనలు తుప్పు పట్టి మొరాయించేది నెలల తర్వాత. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ మళ్లీ పనికిరాదు. కొత్తది పెట్టకుండా పైమూత అతికిస్తే పైకి ఏమీ తెలియదు. పళ్లు చూసి పశువును కొన్నట్టు ఈ బండ్లను కొనడం సాధ్యం కాదు. కొనేవాడూ చూడగలడన్న నమ్మకం మీద నిలబడ్డ పాత సూత్రం ఇక్కడ నిలవదు.

చెబితే ధర తగ్గుతుంది, నిజమే. పింఛను మీద బతికేవారికి ఆ సొమ్ము చిన్నది కాదు. కాని ఆ తగ్గింపు దెబ్బ తిన్న బండికి న్యాయంగా పడవలసినదే. మనం మౌనంగా ఉంటే అది మాయమైపోదు, మరొకరి నెత్తికి మారుతుంది. డీలరు నిపుణుడే కావచ్చు, నష్టం భరించగలవాడే కావచ్చు. ఆ బండి అతని దగ్గర ఉండిపోదు. చివరికి దాన్ని నడిపేది కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడో, టాక్సీ తిప్పుకునేవాడో. 1872 చట్టం ఉదాహరణలోని కూతురు స్థానంలో వారిని నిలబెట్టి చూస్తే జవాబు దానంతటదే వస్తుంది.

కనుక నా మనవి ఇది. చిన్న గీతలు, సొట్టలు ఏకరువు పెట్టనక్కరలేదు. కాని నీట మునిగినా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా, ఛాసిస్ దెబ్బ తిన్నా, పెద్ద ఇన్సూరెన్సు క్లెయిము తీసుకున్నా ఆ వివరం, సంవత్సరం, చేయించిన మరమ్మతు తెల్లకాగితం మీద రాయండి. బిల్లుల నకళ్లు జతచేసి, బేరం తేలకముందే డీలరుకు ఇచ్చి, రెండవ ప్రతి మీద సంతకం, తేదీ తీసుకోండి. రేపు తగవు వస్తే అది మీకూ రక్షణ. మీరు పాత బండి కొనేటప్పుడు ఇవే ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. అడిగినవాడి ఎదుట మౌనం మాటతో సమానమని చట్టమే చెబుతోంది.

సర్కారు పుస్తకంలో లేని ఆ కాలమ్‌ను నింపగలిగింది బండి యజమాని ఒక్కడే.